29 ఏళ్ళకే ఆట ఆపేసిన క్వార్టర్‌బ్యాక్

2019 ఆగస్టు 24, శనివారం రాత్రి. ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో కోల్ట్స్, షికాగో బేర్స్ జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. సీజన్ మొదలవడానికి ముందు జరిగే మ్యాచ్ అది, గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. మ్యాచ్ ఇంకా నడుస్తుండగానే జనం ఫోన్లలోకి ఒక వార్త వచ్చింది. కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ ఆట నుంచి రిటైర్ అవుతున్నాడు. అప్పటికి అతని వయసు 29. గాయం వల్ల ఆ రోజు ఆడకుండా మైదానం పక్కన నిలబడి ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక లోపలికి వెళ్తుంటే, ఏడేళ్ళుగా అతని పేరున్న జెర్సీ వేసుకుని వచ్చిన జనంలోంచే హేళనగా అరుపులు వినిపించాయి. ఆ రాత్రే విలేకరుల ముందుకొచ్చి, కన్నీళ్ళు ఆపుకుంటూ తన నిర్ణయం చెప్పాడు. ఆ అరుపులు విన్నాననీ, బాధేసిందనీ కూడా చెప్పాడు.

ఐదేళ్ళు తిరిగేసరికి, 2024 నవంబరులో, అదే ఆండ్రూ లక్ తను చదువుకున్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ విభాగానికి జనరల్ మేనేజర్ అయ్యాడు. కాలేజీ జట్టుకి జనరల్ మేనేజర్ ఏమిటి, ఆటగాళ్ళకి జీతాలేమిటి, ఒక యూనివర్సిటీకి ఇదంతా ఎందుకు అనే ప్రశ్నలు అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా వస్తుంటాయి. ఎంఎస్ కోసం వెళ్ళిన పిల్లలకి శనివారం మ్యాచ్ ఉందంటే ఊరంతా ట్రాఫిక్ ఆగిపోతుందని తెలుసు. కొన్ని యూనివర్సిటీల్లో తాము కట్టే ఫీజులోనే అథ్లెటిక్స్ ఫీజు అని ఒకటి ఉంటుందని కూడా తెలుసు. ఆ డబ్బు ఎటు పోతుందో, ఆ ఆట ఆడే కుర్రాళ్ళు తర్వాత ఏమవుతారో మాత్రం చాలామందికి తెలీదు. లక్ జీవితాన్ని పట్టుకుని వెళ్తే ఈ వ్యవహారం చాలావరకు అర్థమవుతుంది. అతని కథ మామూలు కథ కాదు. అది ఎందుకు మామూలు కాదో చూస్తే మిగతా వాళ్ళ సంగతి తెలుస్తుంది.

క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో వైపు 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింట్లో కనీసం 10 గజాలు ముందుకి వెళ్తే మళ్ళీ నాలుగు అవకాశాలొస్తాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. ఒక్కో అవకాశం కొన్ని సెకన్ల ఆట. అది మొదలైన వెంటనే బంతి దాదాపు ప్రతిసారీ వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. పక్కవాడికి అందించాలా, దూరంగా పరిగెడుతున్నవాడికి విసరాలా, తనే పరిగెత్తాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ సమయంలో 120 కిలోల మనుషులు అతన్ని పడగొట్టడానికి దూసుకొస్తుంటారు. క్రికెట్ జట్టులో కెప్టెన్, ఓపెనర్, వికెట్ కీపర్ ముగ్గురి పనీ ఒక్కడే ప్రతి బంతికీ చేస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే ఈ స్థానంలో ఆడేవాడికి బలంతో పాటు చదివే బుర్ర కావాలి. వ్యూహాల పుస్తకం వందల పేజీలుంటుంది. ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, ముందు అనుకున్న ఎత్తుగడని ఆఖరి క్షణంలో మార్చాలి. స్టాన్‌ఫర్డ్‌లో లక్‌కి కోచ్‌లు ఈ విషయంలో చాలా స్వేచ్ఛ ఇచ్చారు. మైదానంలో నిలబడి ఏ ఎత్తుగడ ఆడాలో తనే ఎంచుకునేవాడు. కాలేజీ కుర్రాడికి అంత నమ్మకంగా పగ్గాలు ఇవ్వడం అరుదు.

లక్ తండ్రి ఆలివర్ లక్ కూడా క్వార్టర్‌బ్యాకే. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి ఆడి, 1982 నుంచి కొన్నేళ్ళు హ్యూస్టన్ ఆయిలర్స్ జట్టులో ఉండి, ఆ తర్వాత లా చదివాడు. యూరప్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ నడిపే ఉద్యోగం రావడంతో కుటుంబం జర్మనీలో, ఇంగ్లండ్‌లో ఉంది, ఆండ్రూ చిన్నతనం అక్కడే గడిచింది. తర్వాత హ్యూస్టన్‌లో హైస్కూలు, అక్కడ క్లాసులో మొదటి స్థానం పంచుకున్నాడు. ఆట అయిపోయాక కూడా మనిషికి ఒక జీవితం ఉంటుందని ఈ కుర్రాడు పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, రోజూ ఇంట్లోనే చూశాడు. నా దృష్టిలో అతని కథలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే, గణాంకాలన్నీ దీని తర్వాతే.

2011 జనవరిలో తీసుకున్న నిర్ణయం

2009లో లక్ స్టాన్‌ఫర్డ్ జట్టులో మ్యాచ్ మొదలుపెట్టే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 2010 సీజన్‌లో జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడింది. 2011 జనవరి 3న ఆరెంజ్ బౌల్ అనే సీజన్ ముగింపు మ్యాచ్‌లో వర్జీనియా టెక్‌ని 40-12తో ఓడించింది. ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీకి లక్ రెండో స్థానంలో నిలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఒక్కరికే ఇచ్చే అత్యున్నత పురస్కారం అది. హైస్కూలు అయ్యాక మూడేళ్ళు గడిచినవాళ్ళని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ తీసుకోవచ్చు. ఆ లెక్కన 2011 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమంలో, మొట్టమొదట ఎంపికయ్యేది లక్ అని అందరూ అనుకున్నారు. ఆ స్థానంలో వెళ్ళిన క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకి సుమారు 2.2 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది.

లక్ వెళ్ళలేదు. ఆర్కిటెక్చరల్ డిజైన్‌లో డిగ్రీ పూర్తి చేస్తానని ఇంకో ఏడాది కాలేజీలోనే ఉండిపోయాడు. ఒక్క మోకాలి గాయం చాలు, ఆ కోట్లన్నీ పోవడానికి. అప్పట్లో చాలామంది అతన్ని తప్పుపట్టారు. అప్పటి నిబంధనల ప్రకారం ఆ ఏడాదికి అతనికి స్కాలర్‌షిప్ తప్ప రూపాయి రాదు. అదే ఏడాది అతని కోచ్ జిమ్ హార్బా మాత్రం ప్రొఫెషనల్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కి వెళ్ళిపోయాడు. కోచ్ ఎక్కువ జీతానికి జట్టు మారితే అది వృత్తిలో ఎదుగుదల, ఆటగాడు అదే పని చేయాలంటే వంద నిబంధనలు. అప్పటి తీరు అలా ఉండేది.

2011లో కూడా జట్టు 11 మ్యాచ్‌లు గెలిచింది, లక్ మళ్ళీ హైస్మన్‌లో రెండో స్థానమే. డిగ్రీ వచ్చింది. 2012 ఏప్రిల్‌లో కోల్ట్స్ అతన్ని మొదటి ఆటగాడిగా ఎంచుకుంది. అతని కోసం ఆ జట్టు పేటన్ మానింగ్ లాంటి మహామహుడిని వదులుకుంది.

కాలేజీకి ఈ ఆట ఎందుకు

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి సొంత శిక్షణ వ్యవస్థ లేదు. యూరప్‌లో సాకర్ క్లబ్బులకి ఉన్నట్టు అకాడమీలు ఉండవు. ఆ పని యూనివర్సిటీలు చేసిపెడతాయి. దానికి బదులు యూనివర్సిటీలకి టీవీ హక్కుల డబ్బు, టికెట్ల డబ్బు, పూర్వ విద్యార్థుల విరాళాలు, పేరు వస్తాయి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం నుంచి అత్యధిక జీతం తీసుకునే వ్యక్తి గవర్నరూ కాదు, పెద్ద డాక్టరూ కాదు, యూనివర్సిటీ కోచ్. ఇంత డబ్బు తిరిగే చోట, ఆడే కుర్రాడికి మాత్రం దశాబ్దాల పాటు ట్యూషన్ ఫీజు, తిండి, గది, పుస్తకాలే దక్కేవి. కాలేజీ క్రీడలని నడిపే ఎన్‌సీఏఏ దీన్ని అమెచ్యూర్ సూత్రం, అంటే జీతం కోసం కాకుండా ఆడటం, అనేది.

ఈ సూత్రం వెనక ఒక కోర్టు కేసు ఉంది. 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీకి ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. భర్త పనిలో చనిపోయాడు కాబట్టి కార్మికులకిచ్చే పరిహారం ఇవ్వమని అతని భార్య కోరింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు కుదరదంది. ఇలాంటి కేసుల్లో ఆటగాళ్ళని ఉద్యోగులుగా లెక్కగట్టకుండా ఉండేందుకు ఎన్‌సీఏఏ అధినేత వాల్టర్ బయర్స్ కాలంలోనే వాళ్ళని ప్రతి కాగితం మీదా 'స్టూడెంట్ అథ్లెట్' అని రాయడం మొదలైంది. ఉద్యోగి అయితే పరిహారం, యూనియన్, ఓవర్‌టైం అన్నీ అడగొచ్చు. విద్యార్థి అయితే ఇవేవీ అడగలేడు. దశాబ్దాల తర్వాత బయర్స్ తనే ఈ వ్యవస్థ ఆటగాళ్ళకి అన్యాయం చేస్తోందని రాశాడు.

సరే, డబ్బు ఇవ్వలేదు, చదువైనా దక్కిందా అంటే, అది మనిషిని బట్టి, కాలేజీని బట్టి ఉండేది. ఎన్‌సీఏఏ 1991లో ఒక పరిమితి పెట్టింది: వారానికి 20 గంటలకి మించి ఆట పని చేయించకూడదు. ప్రయాణాలు, గాయాల చికిత్స, 'ఇష్టపూర్వకంగా' చేసే వ్యాయామం ఆ లెక్కలోకి రావు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ కేన్ కోల్టర్ 2014లో ఆటగాళ్ళ యూనియన్ కోసం పోరాడినప్పుడు, సీజన్‌లో వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే పోతాయని సాక్ష్యం చెప్పాడు. అతను డాక్టర్ అవుదామనుకుని కాలేజీలో చేరాడు. మెడిసిన్‌కి కావలసిన కెమిస్ట్రీ క్లాసు సమయం, ప్రాక్టీసు సమయం ఒకటే అయ్యాయి. ఆ క్లాసు వదులుకోవలసి వచ్చింది. చివరికి మెడిసిన్ ఆలోచనే మానుకున్నాడు. పిల్లాడి మెడిసిన్ సీటు కోసం ఇల్లంతా నిద్ర మానుకునే మన దగ్గర, ఈ ఒక్క సాక్ష్యం విన్నవాళ్ళకి ఆ వ్యవస్థ గురించి వేరే వివరణ అక్కర్లేదు.

ఆటగాళ్ళు ఉద్యోగులే అని 2014 మార్చిలో కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి తీర్పు చెప్పాడు. మరుసటి ఏడాది ఆగస్టులో జాతీయ బోర్డు ఈ విషయంలో తల దూర్చబోమని తప్పుకుంది. కోల్టర్ పోరాటం అలా ఆగింది.

ఇంకా ఘోరమైన ఉదాహరణ నార్త్ కరోలినా యూనివర్సిటీది. అక్కడ 1993 నుంచి 2011 వరకు ఒక విభాగంలో పాఠమే చెప్పని క్లాసులు నడిచాయి. ఒక వ్యాసం ఇస్తే మంచి గ్రేడు. మూడు వేల మందికి పైగా విద్యార్థులు వాటిలో చేరారని, వాళ్ళలో సగం మంది దాకా క్రీడాకారులేనని 2014లో వచ్చిన దర్యాప్తు నివేదిక తేల్చింది. ఆ పిల్లలకి పట్టా అయితే వచ్చింది. జీతానికి బదులుగా ఇస్తామన్న చదువే డొల్ల అయితే ఇక మిగిలేదేమిటి?

ఆట ఆగాక

కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి చేరేది నూటికి ఇద్దరు కూడా కాదు, 1.6 శాతమని ఎన్‌సీఏఏ అంచనా. కాలేజీలో అందరికంటే గొప్పగా ఆడినవాళ్ళకి కూడా గ్యారంటీ లేదు. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ జేసన్ వైట్ 2003లో హైస్మన్ గెలిచాడు. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లు అయి ఉండటంతో 2005 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. నెబ్రాస్కాకి 1994, 1995 వరుసగా రెండు జాతీయ టైటిళ్ళు తెచ్చిన టామీ ఫ్రేజియర్‌ని కాలిలో రక్తం గడ్డకట్టే సమస్య వల్ల ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు పక్కన పెట్టాయి. 1993 హైస్మన్ విజేత చార్లీ వార్డ్‌ని కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అతను అదృష్టవంతుడు, బాస్కెట్‌బాల్ కూడా వచ్చు కాబట్టి న్యూయార్క్ నిక్స్‌లో ఏళ్ళ తరబడి ఆడాడు. 1996 విజేత డానీ వర్ఫెల్ కొన్నేళ్ళు పెద్దగా రాణించకుండా ఆడి, న్యూ ఆర్లీన్స్‌లో పేద వాడల్లో పనిచేసే సంస్థలో చేరిపోయాడు. 2005లో కట్రీనా తుఫాను వాళ్ళ బడిని ముంచేస్తే మళ్ళీ మొదటి నుంచి కట్టుకొచ్చాడు. నాకు వీళ్ళందరిలో వర్ఫెల్ అంటే ప్రత్యేకమైన గౌరవం. ఆట అతనికి తెచ్చిన పేరుని, ఆ పేరు పనికొచ్చే చోట పెట్టాడు.

కాలేజీలో వెలిగిన ఆట ప్రొఫెషనల్ లీగ్‌లో ఎందుకు వెలగదు? కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద స్థాయిలోనే 130కి పైగా జట్లు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32. ఒక్కో జట్టులో ఒక్క క్వార్టర్‌బ్యాక్ మాత్రమే ఆడతాడు, మిగతా ఇద్దరు ముగ్గురు చూస్తూ కూర్చుంటారు. అంటే ప్రపంచం మొత్తంలో ఈ స్థాయి ఉద్యోగాలు 32. పైగా కాలేజీలో ఖాళీగా కనిపించే చోటు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అర సెకనులో మూసుకుపోతుంది. 18 ఏళ్ళకే ఊరంతా పేరు పెట్టి పిలిచిన కుర్రాడికి 22 ఏళ్ళకి ఎవరూ ఫోన్ చేయరు. ఆ వయసులో మన పిల్లలు మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూలకి వెళ్తుంటారు. అతనేమో జీవితంలో గొప్పవన్నీ అయిపోయాయేమో అన్న దిగులుతో మొదలుపెట్టాలి.

లక్‌కి ఈ సమస్య రాలేదు, ఇంకో సమస్య వచ్చింది. అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ గొప్పగానే ఆడాడు. అంతకు ముందు ఏడాది రెండే మ్యాచ్‌లు గెలిచిన జట్టుని వచ్చీ రాగానే 11 గెలిపించాడు. 2014 జనవరిలో కాన్సస్ సిటీ మీద 38-10తో వెనకబడిన మ్యాచ్‌ని 45-44తో గెలిపించిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. తనని నేలకేసి కొట్టిన ప్రత్యర్థిని లేచి 'బాగా కొట్టావ్' అని మెచ్చుకునేవాడు. స్మార్ట్‌ఫోన్ల కాలంలో పాత మడత ఫోన్ వాడేవాడు, అభిమానుల కోసం పుస్తకాల క్లబ్ నడిపేవాడు. ఇండియానాపొలిస్ అతన్ని సొంత బిడ్డలా చూసుకుంది.

కానీ అతని ముందు నిలబడి కాపాడాల్సిన వరస బలహీనంగా ఉండేది. ఆడిన 86 మ్యాచ్‌ల్లో 174 సార్లు బంతి చేతిలో ఉండగా కింద పడేశారు. పక్కటెముకల దగ్గర మృదులాస్థి చిరిగింది, పొట్ట కండరం తెగింది, 2015లో మూత్రపిండానికి గాటు పడి మూత్రంలో రక్తం వచ్చింది, తలకి దెబ్బ తగిలింది. 2015లోనే విసిరే చేతి భుజం దెబ్బతింది. దానితోనే ఆడుతూ వచ్చాడు. 2016లో సుమారు 14 కోట్ల డాలర్ల కాంట్రాక్టు, అప్పటికి లీగ్ చరిత్రలోనే పెద్దది. 2017 జనవరిలో భుజానికి ఆపరేషన్, ఆ సీజన్ మొత్తం పోయింది. కోలుకోవడానికి యూరప్ దాకా వెళ్ళాడు. 2018లో తిరిగొచ్చి 39 టచ్‌డౌన్ (నేరుగా స్కోరు తెచ్చే) పాస్‌లు వేశాడు, బాగా కోలుకున్న ఆటగాడి అవార్డు గెలిచాడు. 2019 వేసవిలో పిక్క నొప్పి, అది చీలమండకి పాకింది. మళ్ళీ అదే చక్రం: గాయం, నొప్పి, చికిత్స, మళ్ళీ గాయం. నాలుగేళ్ళుగా ఇందులో ఇరుక్కుపోయాననీ, ఆట మీద ఇష్టమే పోతోందనీ ఆ రాత్రి చెప్పాడు.

కాంట్రాక్టులో ఇంకా మూడు సీజన్లు మిగిలే ఉన్నాయి. వాటి జీతం వదులుకున్నాడు. అప్పటికే ఇచ్చిన బోనస్‌లో 2.4 కోట్ల డాలర్లకి పైగా వెనక్కి అడిగే హక్కు జట్టుకి ఉన్నా, అడగలేదు.

హేళన చేసిన జనం గురించి ఒక మాట. వాళ్ళలో చాలామందికి అది ఆ క్షణపు షాక్ అయి ఉండవచ్చు. అయినా ఆ అరుపు తప్పే. టికెట్ కొన్నవాడికి మూడు గంటల ఆట చూసే హక్కు వస్తుంది. ఎదుటి మనిషి మూత్రపిండం మీద, భుజం మీద హక్కు రాదు. మెదడు సంగతైతే ఇంకా భయం. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి చనిపోయిన 111 మంది మెదళ్ళలో 110లో, కాలేజీ వరకే ఆడిన 53 మందిలో 48 మందిలో సీటీఈ అనే క్షీణత కనిపించింది. దెబ్బ మీద దెబ్బ తగలడం వల్ల వచ్చే జబ్బు అది. లక్షణాలు కనిపించినవాళ్ళ కుటుంబాలే ఎక్కువగా మెదళ్ళు దానం చేస్తాయి కాబట్టి ఈ అంకెలని ఆటగాళ్ళందరికీ వర్తింపజేయకూడదు. అలాగని వీటిని చదివాక 29 ఏళ్ళవాడు ఆగిపోయాడని కోప్పడటం కూడా నాకు సాధ్యం కాదు.

ఆగిపోవడం ఎవరికి సాధ్యం

లక్ ఆగగలిగాడు. ధైర్యం ఉంది, నిజమే. దానితో పాటు ఏడేళ్ళలో సంపాదించిన కోట్లున్నాయి, చేతిలో స్టాన్‌ఫర్డ్ డిగ్రీ ఉంది, ఆట తర్వాత లా చదివి పెద్ద ఉద్యోగాలు చేసిన తండ్రి ఉన్నాడు. పేద ఇంటి నుంచి వచ్చి, ఒంటిచేత్తో ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న ఆటగాడికి అదే భుజం నొప్పి వస్తే మాత్రలు మింగి ఆడతాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పింఛను హక్కు రావాలంటే మూడు సీజన్లు పూర్తి చేయాలి. చాలామంది ఆ మూడు దాటడానికే ఒళ్ళు తాకట్టు పెడతారు. అందువల్ల లక్ నిర్ణయాన్ని మెచ్చుకుంటూనే, అతన్ని చూపించి 'చదువుకుంటే చాలు' అని మిగతావాళ్ళకి నీతులు చెప్పడం నాకు నచ్చదు.

డబ్బు, డిగ్రీ అన్నీ ఉన్నా అతనికి కూడా తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. రిటైరయ్యాక కొన్నేళ్ళు బయటికి కనిపించలేదు, విలేకరులతో మాట్లాడలేదు. 2022 చివర్లో ఒక సుదీర్ఘ ఇంటర్వ్యూలో మనసు విప్పాడు. తన విలువంతా ఎలా ఆడాననే దాని మీదే ఆధారపడినట్టు బతికాననీ, మైదానంలో అన్నీ తన చేతిలో ఉండాలనే స్వభావం ఇంట్లోకి కూడా వచ్చేసిందనీ ఒప్పుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్‌గా గెలిపించిన గుణాలే భర్తగా, తండ్రిగా ఇబ్బంది పెట్టాయి. రిటైరైన ఉద్యోగులని ఇంట్లో చూసినవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇతనికి అప్పటికి ముప్పై ఏళ్ళు, ముందు ఇంకా సగం జీవితానికి పైగా ఉంది.

ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌కే తిరిగి వచ్చి విద్యాశాస్త్రంలో మాస్టర్స్ చేశాడు. 2022లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. పక్కనే ఉన్న పాలో ఆల్టో హైస్కూల్లో పిల్లలకి కోచింగ్ ఇచ్చాడు. పెద్ద స్టేడియాల నుంచి హైస్కూలు మైదానానికి వచ్చి, పేరు కోసం కాకుండా ఆట నేర్పడం అతనికి ఆట మీద ఇష్టాన్ని తిరిగి తెచ్చి ఉంటుందని నా ఊహ.

మారిన లెక్కలు

అతను దూరంగా ఉన్న ఆ ఐదేళ్ళలో కాలేజీ ఫుట్‌బాల్ తలకిందులైంది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది: ఆటగాడు తన పేరు, ఫొటో వాడుకుని సంపాదించుకుంటే కాలేజీలు అడ్డుపడకూడదు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. చదువుకి సంబంధించిన ప్రయోజనాల వరకే ఆ తీర్పు, కానీ కోర్టు వైఖరి అందరికీ అర్థమైంది. ఆ జులై 1 నుంచి ఆటగాళ్ళు ప్రకటనల ద్వారా, స్పాన్సర్ల ద్వారా డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. మొదట్లో దీన్ని చెప్పుల దుకాణం ప్రకటనలో కనిపించడం లాంటిదనుకున్నారు. త్వరలోనే ధనవంతులైన పూర్వ విద్యార్థులు నిధులు పోగేసి ఆటగాళ్ళని కొనడం మొదలుపెట్టారు.

అదే సమయంలో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే నిబంధనలు సడలాయి. ఇదివరకు మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ షరతు తీసేశారు, 2024కల్లా ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. 2025 జూన్‌లో, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు పరిష్కారాన్ని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించింది. పాత ఆటగాళ్ళకి సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలి, ఇకపై ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్ళకి నేరుగా చెల్లించవచ్చు, 2025-26కి ఆ పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఉద్యోగి అని ఒప్పుకోకుండా జీతం ఇవ్వడం అనే వింత ఏర్పాటు ఇది, కోర్టుల్లో ఇంకా నలుగుతూనే ఉంటుంది.

క్వార్టర్‌బ్యాక్‌ల విషయంలో ఇది ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి ఒక సంఘటన చాలు. టెనసీ యూనివర్సిటీ కుర్రాడు నికో ఇయామలేవాకి హైస్కూల్లో ఉండగానే సుమారు 80 లక్షల డాలర్ల విలువైన ఒప్పందం కుదిరిందని వార్తలొచ్చాయి. 2025 ఏప్రిల్‌లో డబ్బు విషయంలో మాటలు కుదరక జట్టు, అతను విడిపోయారు. అతను యూసీఎల్‌ఏకి వెళ్ళిపోయాడు. నేను దీన్ని కుర్రాళ్ళ దురాశగా చూడను. కోచ్‌లు ఇన్నేళ్ళుగా చేస్తున్నదే వాళ్ళు ఇప్పుడు చేస్తున్నారు. నా భయమల్లా చదువు గురించే. నాలుగేళ్ళలో మూడు కాలేజీలు మారితే పాత కోర్సుల క్రెడిట్లు కొత్త చోట అన్నీ చెల్లవు. చేతికి డబ్బు వచ్చినా, 23 ఏళ్ళకి డిగ్రీ లేకుండా మిగిలేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది. ఇదివరకు డబ్బు ఇవ్వకుండా చదువు పేరు చెప్పారు, ఇప్పుడు డబ్బు ఇచ్చి చదువు ఊసే ఎత్తడం లేదు.

ఇలాంటి సమయంలో లక్ జనరల్ మేనేజర్ అయ్యాడు. అప్పటికి స్టాన్‌ఫర్డ్ జట్టు పరిస్థితి దయనీయంగా ఉంది. 2021 నుంచి వరుసగా నాలుగేళ్ళు మూడేసి గెలుపులు, తొమ్మిదేసి ఓటములు. యూనివర్సిటీ జట్లు తమలో తాము ఆడుకునే, దశాబ్దాలుగా ఉన్న పసిఫిక్ తీరపు కూటమి విచ్ఛిన్నమై, 2024లో స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరింది. అంటే కాలిఫోర్నియా కుర్రాళ్ళు లీగ్ మ్యాచ్ కోసం దేశం ఆ చివరికి విమానంలో వెళ్ళి, తిరిగొచ్చి సోమవారం క్లాసులో కూర్చోవాలి. పైగా ఇక్కడ అడ్మిషన్ కఠినం, వేరే కాలేజీ నుంచి ఆటగాణ్ణి అప్పటికప్పుడు తెచ్చుకోవడం మిగతా చోట్ల ఉన్నంత సులువు కాదు.

కోచ్ సహా ఫుట్‌బాల్ విభాగం మొత్తం లక్ కిందే. 2025 మార్చిలో, సిబ్బంది పట్ల ప్రవర్తన మీద దర్యాప్తులు జరిగిన వార్తలు బయటికొచ్చాక, హెడ్ కోచ్ ట్రాయ్ టేలర్‌ని తొలగించాడు. 2018లో కోల్ట్స్‌లో తనకి కోచ్‌గా ఉన్న ఫ్రాంక్ రైక్‌ని ఒక్క సీజన్‌కి పిలిచాడు. ఆ సీజన్ నాలుగు గెలుపులతో ముగిసింది. 2025 నవంబరు చివర్లో తవిటా ప్రిచర్డ్‌ని కొత్త కోచ్‌గా ప్రకటించాడు. 2009లో లక్ వచ్చి ఎవరి స్థానం తీసుకున్నాడో, ఆ పాత క్వార్టర్‌బ్యాకే ఈ ప్రిచర్డ్. చోటు పోయాక కోచింగ్ వైపు మళ్ళి, స్టాన్‌ఫర్డ్‌లో, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లకి పాఠాలు చెప్పాడు. కాలేజీ క్వార్టర్‌బ్యాక్ తర్వాతి జీవితానికి అతనిది కూడా ఒక మంచి ఉదాహరణే, పేరు తక్కువగా వినిపించినా.

ఇప్పుడు లక్ బల్లకి అవతలి వైపు కూర్చున్నాడు. 18 ఏళ్ళ కుర్రాడికి ఎంత ఇవ్వాలి, గాయపడినవాడి సంగతేమిటి, ల్యాబ్ క్లాసుకీ ప్రాక్టీసుకీ సమయం కలిస్తే ఏది జరపాలి అనే నిర్ణయాలు అతని ఆఫీసు నుంచే వెళ్తాయి. గెలుపోటములతో పాటు నేను గమనించాలనుకుంటున్నది ఒకటుంది. అతని హయాంలో చేరిన క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా మూడో ఏడు చివర, చేతిలో పెద్ద ఆఫర్ ఉన్నప్పుడు, ఇంకో ఏడాది ఉండి డిగ్రీ పూర్తి చేస్తానంటే, ఆ కుర్రాడికి నష్టం రాకుండా చూసే ఏర్పాటు స్టాన్‌ఫర్డ్ చేస్తుందా లేదా అన్నది. 2011లో లక్ ఆ నష్టభయాన్ని తన భుజం మీదే వేసుకున్నాడు. ఇప్పుడు యూనివర్సిటీ దగ్గర డబ్బుంది, నిబంధనలు కూడా అడ్డురావు.